పొరుగింటి కథ నోటికొచ్చినవాళ్లు



మాస్టారు ముప్పయ్యేళ్లకు పైగా ఈ కళాశాలలో చరిత్ర చెప్పారు. ఆయన పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసంలో మతాల మధ్య, సంస్కృతుల మధ్య సంభాషణ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ విషయం మీద జరిగే సభల్లో తప్పకుండా వినబడే మాట ఒకటుంది: అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే అని. మంచి మనసుతో అనే మాటే. కాని నాకు దానితో పేచీ ఉంది. అన్నీ ఒకటే అయినప్పుడు పక్కవాణ్ణి అడగాల్సిందేమీ మిగలదు. అడగకపోతే తెలియదు. తెలియనివాడి మీద ప్రేమ ఉందని ఎంత చెప్పుకున్నా, మొదటి పుకారు లేచిన రోజున అది ఎగిరిపోతుంది.

పొరుగువాడి కథ తెలియాలి. వాడి ఇంట్లో తరతరాలుగా ఏ చావుకు ఏడుస్తున్నారో, వాడు దేనికి తల వంచుతాడో, దేనికి ససేమిరా వంచడో తెలియాలి. అంత ఎరుక ఉన్నచోట ఏకాభిప్రాయం లేకపోయినా సంభాషణ సాగుతుంది. మన తెలుగు నేల మీద ఈ ఎరుక దర్బారుల్లో కొంత, పండితుల్లో కొంత ఉన్నా, ఎక్కువకాలం నిలిచింది మాత్రం అక్షరం రాని జనం దగ్గరే. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

మతసంభాషణ అనగానే మన పాఠ్యపుస్తకాలకు గుర్తొచ్చేది అక్బరు. 1575లో ఫతేపూర్ సిక్రీలో ఆయన ఇబాదత్‌ఖానా కట్టించాడు. మొదట్లో అక్కడ వాదించుకున్నది ముస్లిం పండితులే. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే తగవులొచ్చాయి. ఆ తర్వాత బ్రాహ్మణులకు, జైనులకు, పార్సీలకు తలుపులు తెరిచాడు. 1580లో గోవా నుంచి జెస్యూట్ పాదరీలు వచ్చారు. అదే కాలంలో ఫ్రాన్సులో ఒకే క్రీస్తును కొలిచే రెండు శాఖలవాళ్లు ఒకరినొకరు నరుక్కుంటున్నారని గుర్తుచేసుకుంటే, అక్బరుకు వచ్చిన ఆలోచన ఎంత గొప్పదో తెలుస్తుంది. అయినా ఆ మందిరంలో జరిగింది ఎక్కువగా వాదమే. తీర్పు చెప్పే చక్రవర్తి ఎదురుగా కూర్చుని ఉంటే తనకు తెలియనిది అడగడానికి ఎవరికి మనసొప్పుతుంది? గెలవాలనే చూస్తారు. పాదరీలు అక్బరు క్రైస్తవుడవుతాడన్న ఆశతో వచ్చారు, ఆ ఆశ తీరకుండానే వెళ్లిపోయారు.

ఆయన మునిమనుమడు దారా షికో వాదం వదిలి చదువు పట్టాడు. కాశీ పండితులను పక్కన కూర్చోబెట్టుకుని, 1657 నాటికి యాభై దాకా ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు. రెండేళ్లకే వారసత్వ యుద్ధంలో ఓడి, తమ్ముడి ఆజ్ఞతో ప్రాణం పోగొట్టుకున్నాడు. కాని పుస్తకం మిగిలింది. ఆంకెతిల్ దుపెరాన్ అనే ఫ్రెంచి పండితుడు దాన్ని లాటిన్‌లోకి మార్చి 1801, 1802ల్లో అచ్చువేశాడు. షోపెన్‌హోవర్ ఉపనిషత్తులను మొదట చదువుకున్నది ఆ పుస్తకంలోనే. కాశీలో పుట్టి ఢిల్లీ మీదుగా యూరప్ చేరిన ఆ చదువుకు దారి వేసింది ఒక ముస్లిం రాకుమారుడు.

మన వైపు కథ ఇంతకన్నా దగ్గరది, చిక్కులూ ఎక్కువే. గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీం 1543లో అన్న జంషీద్‌కు జడిసి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. దాదాపు ఏడేళ్లు ఇబ్రహీం ఆ కొలువులో గడిపాడు. పరాయి రాజ్యంలో, పరాయి మతస్థుల మధ్య పడుచుదనమంతా గడిపినవాడికి ఏం అబ్బుతుందో మనం ఊహించుకోవచ్చు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాక ఆయన తెలుగు కవులను చేరదీశాడు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కింద పటాన్‌చెరు సీమను ఏలిన అమీన్‌ఖాన్‌కు పొన్నిగంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. సంస్కృత పదాలను పక్కనపెట్టి అచ్చతెలుగులోనే రాసిన తొలి కావ్యం అది. మహాభారతంలోని కథ, పల్లెపట్టు తెలుగు మాట, వాటిని విని కృతి అందుకున్నది ఒక ముస్లిం సర్దారు. తెలుగు ఎం.ఏ. చదివే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడండి. అచ్చతెలుగు పేరు చెప్పి ఇతరులను పరాయివాళ్లనే ఉపన్యాసకులు కొందరున్నారు. వాళ్లనూ ఒకసారి అడగండి.

గోల్కొండ ఫర్మానాల్లో ఒకే కాగితం మీద పారసీ, తెలుగు రెండూ ఉన్నవి నేటికీ దొరుకుతున్నాయి. చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా దగ్గర అక్కన్న, మాదన్నలే రాజ్యం నడిపారు. పన్ను, భూమి, నీటితీరువ, సరిహద్దు తగాదా లాంటి రోజువారీ పనుల్లో రెండు లోకాల మనుషులు ఒకరి మాట మరొకరు నేర్చుకోక తప్పలేదు. వేదాంత చర్చలకన్నా ఈ లెక్కల కాగితాలే నాకు ఎక్కువ నమ్మకమిస్తాయి.

కాని ఇక్కడితో ఆగితే నేను మాస్టారి విద్యకు ద్రోహం చేసినట్టే. 1565 జనవరిలో రక్కసి తంగడి దగ్గర రామరాయల మీదికి కదిలిన సేనల్లో ఇబ్రహీం సేన కూడా ఉంది. తనకు ఏడేళ్లు అన్నం పెట్టినవాడి తల తెగిపడిన యుద్ధం అది. బిజాపూర్ సుల్తాను ఆలీ ఆదిల్‌షా కూడా అంతకుముందు రామరాయలతో స్నేహంగా మెలిగినవాడే. దీన్ని మతయుద్ధంగా చెప్పేవాళ్లున్నారు. అంతకుముందు ఇరవయ్యేళ్లుగా రామరాయలు ఒక సుల్తాను పక్షాన నిలిచి ఇంకో సుల్తానుతో పోరాడుతూ వచ్చాడు. ఆ లెక్క చూస్తే మతయుద్ధమన్న మాట నిలవదు. అయినా ఆ ఓటమి తర్వాత విజయనగరం దోపిడీకి గురైంది, నగరం పాడుబడింది. హంపీ రాళ్ల మధ్య నడిచేవాడికి కలిగే బాధను రాజకీయ కారణాలు వివరించి చల్లార్చలేం. ఆ బాధను కాదనే సంభాషణ ఎవరికీ పనికిరాదు.

కొలువుల సంభాషణకు హద్దు ఇక్కడే కనబడుతుంది. కవిత్వం, ఆశ్రయం, స్నేహం అన్నీ ఉన్నా రాజ్యావసరం వచ్చేసరికి అవి అడ్డుపడలేకపోయాయి. అందుకే నా చూపు గోల్కొండ కోట దిగి ఊళ్లలోకి వెళుతుంది.

హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా 1590ల్లో ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కట్టించినది. కర్బలా అమరుల గుర్తులైన అలములను నిలిపే చోటు. ఆ అలములే మన ఊళ్లకొచ్చి పీర్లయ్యాయి. వాటిని ఉంచే చోటు తెలంగాణ పల్లెల్లో పీరీల కొట్టం, రాయలసీమలో పీర్ల సావిడి. మొహర్రం నెల పొడుపు కనబడగానే గుండం తవ్వుతారు. పీర్లకు రంగురంగుల దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, కుడకల దండలు, బెల్లం, మలీద తెస్తారు. మాదిగవాళ్ల డప్పు లేకుండా పీరు లేవదు. చాలా ఊళ్లలో పీరు ఎత్తుకునేది హిందువులే. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలో సైతం సావిడి ఉంటుంది, దానికి సున్నం వేసేవాడుంటాడు. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామికి మొహర్రంలో లక్షల జనం వస్తారు, పక్కనే ఆంజనేయుడికీ మొక్కుతారు. కుళ్లాయప్ప, పీరయ్య, మస్తానమ్మ, దస్తగిరమ్మ, హుసేనప్ప అని హిందూ ఇళ్లలో పిల్లలకు పెట్టుకున్న పేర్లన్నీ ఇలాంటి మొక్కుల నుంచి వచ్చినవే.

ఇదంతా మనకు తెలిసిందే. మతసామరస్యానికి చిహ్నమని పత్రికలు ఏటా ఒక ఫొటో వేస్తాయి. ఫొటోలో కనబడనిది పాట. గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాటల్లో కర్బలా కథ మొత్తం తెలుగులో ఉంటుంది. సామాన్య శకం 680లో యూఫ్రటీసు ఒడ్డున ప్రవక్త మనుమడు హుసేన్‌ను, ఆయనతో ఉన్న కొద్దిమందిని యజీదు సేనలు చుట్టుముట్టాయి. పక్కనే నది పారుతున్నా నీళ్లు ముట్టనివ్వలేదు. పసిపిల్లలు దాహంతో అల్లాడారు. నీళ్ల కోసం వెళ్లిన అబ్బాస్ చేతులు తెగాయి. ఖాసిం పెళ్లికొడుకుగానే చనిపోయాడని జనం కథ. ఈ కథను నేను పుస్తకంలో చదవకముందే, ఉర్దూ అక్షరం కూడా రాని ఒక కాపు ముసలమ్మ నోట విన్నాను. ఆమె పాడుతుంటే ఆ ఎడారి ఆమె ఊరి ఎండిన చెరువులాగే ఉంది. నీళ్లు దక్కని బిడ్డల దుఃఖం రాయలసీమ ఆడదానికి ఎవరూ అర్థవివరణ చేసి చెప్పనక్కర్లేదు.

ఆమెను ఎవరైనా మతసంభాషణ సభకు పిలుస్తారా? పిలవరు. కాని ఆమెకు షియాల చరిత్రలో గుండెకాయ లాంటి ఘట్టం నోటికి వచ్చు. మనకు, అంటే సభల్లో మాట్లాడేవాళ్లకు, సహనం అనే మాట ఒక్కటే వచ్చు. ఆమె ఇస్లాంలోకి మారలేదు, మారాలని ఎవరూ అడగలేదు. తన ఇంటి దేవుడు తనకు ఉన్నాడు. అయినా ఇంకొకరి దుఃఖాన్ని ఏడాదికోసారి తన గొంతులోకి తెచ్చుకుని పాడింది. ఇంతకన్నా లోతైన సంభాషణ నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ చూడలేదు.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ ఇంకో దారి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె వదులుతారు, కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఈమధ్య వీసా రొట్టె. ఏ రొట్టె అని కేక వేసి అడుగుతారే గాని ఏ మతమని అడగరు. మీకు ఏం తక్కువైంది అని అపరిచితుణ్ణి నేరుగా అడిగే వీలు ఇంకెక్కడ ఉంది? కడప దేవుని గడపలో ఉగాదినాడు ముస్లింలు వేంకటేశ్వరుడి గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టే ఆచారం కూడా ఈ కోవలోదే. అది వేంకటేశ్వరుడి ముస్లిం భార్యగా జనం చెప్పుకునే బీబీ నాంచారి వరస కలిపిన చుట్టరికం. అల్లుడింటికి వచ్చినట్టే వస్తారు.

ఇప్పుడు కష్టమైన మాటకు వస్తాను. ఈ ఆచారాలు తగ్గిపోతున్నాయి. పీర్లకు మొక్కడం ఏకదైవారాధనకు విరుద్ధమని కొందరు ముస్లిం ప్రచారకులు చెబుతున్నారు. అది నీ పండుగ కాదు, నువ్వెందుకు పీరు ఎత్తుతావని హిందూ యువకులను ఇంకొందరు నిలదీస్తున్నారు. కొన్ని ఊళ్లలో సావిడి తలుపు తీయడం మానేశారు. నాకు ఇది చాలా బాధగా ఉంది. కాని మొదటి అభ్యంతరాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేస్తే నేను మొదట్లో చెప్పిన మాటను నేనే తప్పినట్టు. అల్లాకు తప్ప ఇంకెవరికీ మొక్కరాదన్నది ఆ మనిషి విశ్వాసానికి మూలస్తంభం. పీరుకు మొక్కేవాడు మంచి ముస్లిమనీ, మొక్కనివాడు సామరస్యానికి శత్రువనీ మనం బయట నిలబడి తీర్పు చెప్పకూడదు. మనతో కలిసి మొక్కేవాడితో మాట్లాడటం తేలిక. ప్రసాదం చేతిలో పెడితే మర్యాదగా వద్దనేవాడితో, నా గుళ్లోకి రాకుండానే నా పక్క ఇంట్లో నమ్మకంగా బతికేవాడితో మాట్లాడగలగడం అసలు పరీక్ష. వద్దన్న కారణం అడిగి, అతను చెప్పి ముగించేదాకా వినగలిగితే అక్కడ సంభాషణ నడుస్తున్నట్టు లెక్క. రెండో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర అంత ఓపిక లేదు. తాతముత్తాతలు ఎత్తిన పీరును నీది కాదని చెప్పేవాడు ఊరి జ్ఞాపకాన్ని ఊరి దగ్గర నుంచి లాక్కుంటున్నాడు.

చదువుకున్నవాళ్లలోనూ దారి చూపినవాళ్లు ఉన్నారు. ఆంధ్ర భాషా చరిత్రము రాసిన చిలుకూరి నారాయణరావు గారు ఖురానును తెలుగులోకి తెచ్చారు. భాషాశాస్త్రంలో తలమునకలైన పండితుడు, ఎవరూ అడగని ఆ పనికి పూనుకున్నారు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు సూఫీ తత్వాన్ని, వేదాంతాన్ని ఒకేచోట పెట్టి తెలుగు పద్యాల్లో చెప్పారు, ప్రవక్త చరిత్రనూ తెలుగులో రాశారు. వీళ్ల పుస్తకాలు ఇప్పుడు ఎక్కువగా గ్రంథాలయాల పాత అరల్లోనే కనబడతాయి.

జాషువ గారి గురించి మాత్రం వేరుగా చెప్పాలి. 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. దళితుడైన కారణంగా ఎన్నెన్ని పంక్తుల్లో పక్కకు నెట్టబడ్డాడో మీకు తెలుసు. ఆ మనిషి 1932లో పిరదౌసి రాశాడు. మాట తప్పిన గజనీ సుల్తాను చేతిలో మోసపోయిన పారసీక కవి గుండెకోతను తన గుండెకోతగా చేసుకున్నాడు. 1941లో గబ్బిలం రాశాడు. అంటరానివాడు తన మొర శివుడికి వినిపించాలంటే గుళ్లోకి వెళ్లే వీల్లేదు. గుడి చూరుకు వేలాడే గబ్బిలానికే ఆ వీలుంది. అందుకే దానితో కాశీకి కబురు పంపాడు. ఆ తర్వాత క్రీస్తు చరిత్ర రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక్క మనిషి పద్యాల్లో ముస్లిం కవి, శివుడు, క్రీస్తు ముగ్గురూ ఉన్నారు. మతసంభాషణకు తెలుగులో జాషువ కన్నా పెద్ద దిక్కు నాకు కనబడదు. మరి ఆయన పేరు ఈ చర్చల్లో ఎందుకు రాదు? మనం మతాల మధ్య సంభాషణ అన్నప్పుడు లోలోపల అగ్రవర్ణ హిందువు, కులీన ముస్లిం, చదువుకున్న పాదరీ ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్న దృశ్యమే ఊహించుకుంటున్నాం. డప్పు కొట్టినవాడు బయటే నిలబడి ఉన్నాడు. గుడిలోకి రానివ్వనివాడు పక్క మతంతో సంభాషిస్తానంటే గబ్బిలం పంపినవాడు నమ్మాలా?

సమానత లేనిచోట మాటలు మర్యాదగానే సాగుతాయి, కాని పైపైనే. నేడు మన నగరాల్లో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు జరిగేది చూడండి. పేరు చెప్పగానే, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామండీ అంటారు. మాంసం వండుతారా అని అడుగుతారు. ఇలా ఎదురుదెబ్బ తిన్న నా విద్యార్థి ఒకడు, చివరికి తనవాళ్లే ఉండే పేటలో ఇల్లు తీసుకున్నాడు. అతని పిల్లలకు ఇంకో మతం పిల్లలు ఆటకు దొరకరు. అవతలి పేట పిల్లలకూ అంతే. ఒకరి పండుగ పిండివంట వాసన ఇంకొకరి వాకిలికి రానంత దూరంగా వీధులు కట్టుకుని, ఏడాదికోసారి సదస్సు పెట్టుకుంటే అక్కడ మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? ఇల్లు ఇవ్వడం అన్నది చట్టానికీ సంబంధించిన విషయమే. ఈ సభలో ఇళ్లున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పేరు చూడకుండా ఇల్లు ఇవ్వడం వాళ్లు రేపే చేయగల పని.

కళాశాలవారు చేయగల పని ఇంకొకటి ఉంది. దాని కోసమే ఈ వేదికను వాడుకుంటున్నాను. మాస్టారి పేరిట ఉన్న నిధి వడ్డీలో ఏటా కొంత తీసి, ఈ జిల్లాలో పీర్ల పాటలు పాడేవాళ్లను వెతికి రికార్డు చేయించండి. పాడేవాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు. సావిడి మూసేసిన ఊళ్లకు ముందు వెళ్లాలి. ప్రతి ఊరికీ ఇద్దరు విద్యార్థులు వెళ్లాలి, ఆ ఇద్దరూ వేర్వేరు మతాలవాళ్లై ఉండాలి. ఒకరు పాట రాసుకుంటే, ఇంకొకరు పాట వెనక కథ అడగాలి. పీరు ఎందుకు ఎత్తుతున్నారని ఎత్తేవాణ్ణి, ఎందుకు మానేశారని మానేసినవాణ్ణి ఒకే శ్రద్ధతో అడగాలి. మానేసినవాడి మాటను కూడా కోత లేకుండా అచ్చువేయాలి. డప్పు కొట్టినవాళ్ల పేర్లు పుస్తకంలో పాడినవాళ్ల పేర్ల పక్కనే ఉండాలి. చరిత్ర విభాగం, తెలుగు విభాగం కలిసి చేయాల్సిన పని ఇది. ఉర్దూ తెలిసినవాళ్ల సాయం కూడా కావాలి. మన ఊళ్లోనే మదర్సాలో చెప్పే మౌల్వీలు ఉన్నారు, అడిగితే కాదనరనుకుంటాను. వచ్చే మొహర్రానికి ముందే మొదటి జట్లు బయలుదేరేలా ప్రిన్సిపాల్ గారు ఏర్పాటు చేస్తే, విద్యార్థులకు ప్రశ్నలు తయారుచేసి ఇచ్చే బాధ్యత నేను తీసుకుంటాను.